డాక్టర్ సలహా: ఎనిమిదో నెలలో బీపీ, తలనొప్పి.. కన్నవారింటికి పంపొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విశాఖపట్నం, గాజువాక. నా భార్యకు 26 ఏళ్లు, తొలి కాన్పు. ఇప్పుడు 33వ వారం. పది రోజుల కిందట చెకప్‌లో బీపీ 150/100 ఉందని, మూత్రంలో ప్రొటీన్ పోతోందని చెప్పి లాబెటలాల్ 100 మాత్ర రోజుకు రెండుసార్లు రాశారు. కాళ్లకు, ముఖానికి వాపు ఉంది. వేలి ఉంగరం రావడం లేదు. రెండు రోజులుగా తలనొప్పి అంటోంది. మా అత్తగారిది పాడేరు దాటాక లోపలి ఊరు. ఒంటికి నీరు పట్టడం మామూలేనని, ఉప్పు మానేసి బార్లీ నీళ్లు తాగితే పోతుందని, బీపీ మాత్రలు బిడ్డకు వేడి చేస్తాయని ఆవిడ అంటున్నారు. తొమ్మిదో నెల రాగానే కాన్పుకు తీసుకెళ్తామంటున్నారు. పంపొచ్చా? నార్మల్ డెలివరీ అవుతుందా?

జవాబు: మీ మెయిల్‌లో ‘రెండు రోజులుగా తలనొప్పి’ అన్న ముక్క చూడగానే, ఈ జవాబు వచ్చే దాకా ఆగకుండా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లమని మీకు ఫోన్ చేయించాను. చేర్పించారని తెలిసింది, మంచి పని చేశారు. మిగతా సంగతులు ఇదే పరిస్థితిలో ఉన్న మరో నలుగురికి కూడా పనికొస్తాయని వివరంగా రాస్తున్నాను.

మీ అత్తగారి మాటలో సగం నిజముంది. నెలలు నిండేకొద్దీ సాయంత్రానికి పాదాలు వాయడం చాలామందికి ఉంటుంది. రాత్రి పడుకుని లేస్తే దిగిపోతుంది. పొద్దున లేచేసరికే ముఖం ఉబ్బి, ఉంగరం వేలికి బిగుసుకుపోయిందంటే దాన్ని అలా వదిలేయకూడదు. ఐదో నెల దాటాక బీపీ 140/90కి చేరి, మూత్రంలో ప్రొటీన్ కూడా పోతుంటే ప్రీఎక్లాంప్సియా అంటాం. అది ముదిరి ఫిట్స్ వస్తే, మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనేది దాన్నే.

గొడవంతా మాయ (ప్లాసెంటా) దగ్గర మొదలవుతుంది. తొలి నెలల్లో గర్భసంచిలోని రక్తనాళాలు వెడల్పై మాయకు ధారాళంగా రక్తం అందించాలి. కొందరిలో అవి సరిగా వెడల్పు కావు. రక్తం చాలని మాయ నుంచి కొన్ని పదార్థాలు తల్లి రక్తంలోకి చేరి, ఒళ్లంతా ఉన్న సన్నటి నాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. కిడ్నీలో దెబ్బతింటే ప్రొటీన్ కారుతుంది. కాలేయంలో అయితే కుడి డొక్కలో నొప్పి. మెదడులో అయితే తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, ఫిట్స్. అందుకే ఉప్పు మానేసినా ఇది తగ్గదు. బార్లీ నీళ్లంటారా, తాగనివ్వండి, నష్టమేం లేదు. వాటిని నమ్ముకుని మాత్రలు ఆపేస్తేనే ముప్పు. లాబెటలాల్ గర్భిణులకు ఏళ్లుగా ఇస్తున్న మందే. అయితే అదీ జబ్బును నయం చేయదు, బీపీ విపరీతంగా పెరిగి మెదడులో నరం చిట్లకుండా కాపాడుతుంది. మాయ బయటికి వచ్చాకే జబ్బు తగ్గుముఖం పడుతుంది.

నేను పీజీ చేసే రోజుల్లో ఒక రాత్రి ఏజెన్సీ నుంచి ఫిట్స్‌తో ఒక అమ్మాయిని తెచ్చారు. రోడ్డు దాకా డోలీలో మోసి, అక్కడి నుంచి జీపులో. ఆమె పిడికిలిలో తాళాల గుత్తి ఉంది. వేళ్లు ఒక్కొక్కటే విప్పి దాన్ని తీసింది నేనే. పొద్దున్నుంచీ డొక్కలో నొప్పి అంటుంటే గ్యాస్ అనుకుని సోడా పట్టించారట. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. ఫిట్స్ వస్తే తాళాలు వద్దు, నోట్లో చెంచా వద్దు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. దారిలో పీహెచ్‌సీ ఉంటే, పెద్దాసుపత్రికి పంపే ముందు ఫిట్స్‌ను ఆపే మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ మొదటి డోసు అక్కడే ఇవ్వొచ్చు, అడగండి. ఆ ఇంజెక్షన్ ఇస్తుంటే ‘అమ్మో, ఒళ్లంతా మంట’ అంటారు. కంగారు పడొద్దు, కాసేపటికి తగ్గుతుంది.

ఇక కన్నవారింటి సంగతి. పంపొద్దు. పాడేరు నుంచి విశాఖకు వంద కిలోమీటర్లకు పైనే, మధ్యలో ఘాట్ రోడ్డు, మీ అత్తగారి ఊరు దానికీ అవతల. కాన్పు తర్వాత రక్తం ఆగకుండా పోతే, వెంటనే వైద్యం అందని తల్లి రెండు గంటల్లోనే చనిపోవచ్చు. ఈ జబ్బున్న వాళ్లలో ఆ భయం మరీ ఎక్కువ. కాన్పుకు ముందే మాయ ఊడిపోయే ప్రమాదం కూడా ఉంది. అప్పుడు పొట్ట చెక్కలా బిగుసుకుపోతుంది, రక్తం కనిపించినా కనిపించకపోయినా. అదే గాజువాకలో ఉంటే కేజీహెచ్ అయినా, వన్‌టౌన్‌లోని ఘోషాసుపత్రి అయినా ఊళ్లోనే ఉన్నాయి. అత్తగారినే మీ ఇంటికి రప్పించండి. కూతురికి పుట్టిల్లంటే అమ్మ చేతి వంట, పక్కన అమ్మ. అవి గాజువాకలోనూ కుదురుతాయి కదా.

నార్మల్ డెలివరీ? అవ్వొచ్చు. బీపీ ఉన్నంత మాత్రాన ఆపరేషన్ తప్పదని లేదు. బీపీ అదుపులో ఉండి వేరే ఇబ్బంది లేకపోతే 37 వారాలు నిండాక నొప్పులు తెప్పిస్తాం. జబ్బు తీవ్రంగా ఉంటే 34 తర్వాత ఆగం, అవసరమైతే అంతకన్నా ముందే తీయాలి. నెలలు నిండకముందే కాన్పు చేయాల్సి వస్తే బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. కాబట్టి పసిపిల్లల ఐసీయూ ఉన్నచోటే కాన్పు పెట్టుకోండి.

లేబర్ రూమ్‌లోకి వెళ్లేటప్పుడు ఆమెకు బీపీ ఉందని డ్యూటీలో ఉన్నవాళ్లకు నోటితో చెప్పండి, ఫైల్లో ఉంది కదా అనుకోవద్దు. రక్తస్రావానికి వాడే ఇంజెక్షన్లలో మిథర్జిన్ అనేది బీపీ ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. రక్తం ఇవ్వగలిగిన ఇద్దరు బంధువుల నంబర్లు దగ్గర పెట్టుకోండి.

డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చాక అంతా అయిపోయిందనుకుంటారు. కాన్పయిన మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా బీపీ మళ్లీ పెరిగే కాలం. ఫిట్స్ అప్పుడూ రావచ్చు. బాలింత తలనొప్పి అంటే మనవాళ్లు చలిగాలి తగిలిందని చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి పడుకోబెడతారు. దూది పెట్టండి, ఎవరూ కాదనరు, ముందు బీపీ చూడండి. ఇంట్లో డిజిటల్ మిషన్ ఒకటి కొనండి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి పొద్దున, సాయంత్రం చూసి కాగితం మీద రాయండి. పైదిగానీ కిందిదిగానీ, 160/110లో ఏ అంకెకు చేరినా, దాటినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ప్యాడ్ గంటలోపే తడిసిపోయి మార్చాల్సి వస్తున్నా అంతే.

ఇదంతా చదివి టెన్షన్ పడకండి. 2018-20 లెక్కల్లో దేశంలో లక్ష సజీవ జననాలకు 97 మంది తల్లులు చనిపోతే, మన రాష్ట్రంలో ఆ సంఖ్య 45. మీ కేసులో జబ్బు ముందే దొరికింది, అది సగం గెలుపు. మళ్లీ గర్భం వచ్చినప్పుడు మూడో నెలలోనే ఈ కాన్పు సంగతి డాక్టరుకు చెప్పండి, తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు.

ఆరో వారంలో బీపీ, మూత్రం ఒకసారి చూపించండి. రెండూ బాగుంటే అప్పుడు తల్లినీ బిడ్డనూ పాడేరు తీసుకెళ్లి, అమ్మమ్మగారి ఊరు చూపించి రండి.