తోటకు సరే, తాగడానికి కాదు

ప్రశ్న: మా ఊళ్లో మురుగునీటి శుద్ధి మాటలు వచ్చినప్పుడు ఒకాయన "మెంబ్రేన్ బయోరియాక్టర్ పెడితే నీళ్లు తాగొచ్చు కూడా" అన్నారు. నాకు ఊరి చివర వంగతోట ఉంది. ఆ నీళ్లు పనికొస్తాయా? ఇంత చిన్న ఊరికి అది తగునా?
– ఒక రైతు, పర్లాకిమిడి

జవాబు: తాగడం మాట మరిచిపోండి. వంగతోటకైతే భేషుగ్గా పనికొస్తాయి.

మురుగును తినేది ఇక్కడా బ్యాక్టీరియానే. మామూలు ప్లాంటులో బురద అడుక్కి దిగేదాకా పెద్ద ట్యాంకులో ఆగాలి. మెంబ్రేన్ బయోరియాక్టర్‌లో సేమియాలాంటి బోలు పోగుల కట్టలు మురుగులోనే మునిగి ఉంటాయి. పంపు వాటి లోపలి నుంచి నీళ్లు పీలుస్తుంది. మెంబ్రేన్ అంటే ఈ పోగు గోడే. దానికి ఉండే రంధ్రాలు అర మైక్రాను (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా ఉండవు. అందుకే బురద, బ్యాక్టీరియా దాదాపు అన్నీ బయటే ఆగిపోతాయి. కరిగిన ఉప్పు మాత్రం దాటేస్తుంది, తాగొద్దనడానికి అదొక కారణం.

అలాంటి ప్లాంటులో పనిచేసినవాణ్ని కాబట్టి చెబుతున్నా, దానికి అసలు శత్రువు జుట్టు. ముందున్న జల్లెడ కన్నాలు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించకూడదు. మించితే వెంట్రుకలు, దూది కలిసి పోగులకు చుట్టుకుపోతాయి. అప్పుడు కట్టను పైకెత్తి, గ్లవ్స్ వేసుకుని వేళ్లతో ఓపిగ్గా విడదీయాలి. కత్తి పెట్టామో, పోగు తెగి మురుగు నేరుగా శుద్ధి అయిన నీళ్లలోకి వచ్చేస్తుంది. ఇంతా చేసి బ్లీచింగు కడుగుళ్లు, సిట్రిక్ యాసిడ్ కడుగుళ్లు ఎలాగూ తప్పవు.

తర్వాత కరెంటు. పోగులకు మడ్డి పట్టకుండా కింద నుంచి గాలి కొడుతూనే ఉండాలి. వెయ్యి లీటర్లకు ముప్పావు యూనిట్ అటూ ఇటూ అవుతుంది. మామూలు ప్లాంటుకు అందులో సగం చాలు. 2018లో తిత్లీ తుపానుకు మీ గజపతి జిల్లాలో కరెంటు ఏమైందో మీకు నేను చెప్పాలా? జనరేటరు లేకపోతే ఇలాంటి ప్లాంటు ఊసే ఎత్తకూడదు.

ఈ పద్ధతికి స్థలం తక్కువ పడుతుంది. గజం భూమి బంగారమైన నగరాల్లో అందుకే దీని వెంటపడతారు. మీ ఊరి అంచున నాలుగెకరాలు దొరికితే నేనైతే వరస చెరువుల్లో నిలవబెట్టి శుద్ధి చేసే పద్ధతికే ఓటేస్తాను. ఆ నీళ్లు వంగ మొదళ్లకు పారించుకోండి, పచ్చిగా తినే కొత్తిమీరకు మాత్రం వద్దు.

అయినా మెంబ్రేనే అంటే, టెండరులోనే ఒక సంగతి తేల్చమనండి: పదేళ్లకు అటూ ఇటూగా పోగుల కట్టలు మార్చాల్సి వచ్చినప్పుడు ఆ డబ్బు ఎవరు పెడతారు?