ఆదివారాల పని రేపటి ఉద్యోగానికి అడ్డమవుతుందా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఆరెకరాల మెట్టలో వేరుశనగ వేస్తాను. మా అమ్మాయి అనంతపురంలో బీకాం చివరి సంవత్సరం చదువుతోంది. ఏడాదిగా ఆదివారం వస్తే చాలు, స్నేహితులతో కలిసి పల్లెలకు పోయి గిట్టుబాటు ధర, ప్రపంచ వాణిజ్య ఒప్పందాలు, పేద దేశాల ఆకలి అంటూ మాట్లాడి వస్తోంది. పైసా రాదు. బ్యాంకు పరీక్షలకు కోచింగులో చేరమంటే ‘నా పని ఇదే’ అంటోంది. ఇప్పుడు ఢిల్లీలో ఏదో శిబిరానికి పోతానంటోంది. దీంట్లో బతుకుతెరువు ఉంటుందా? మాన్పించమంటారా?

సమాధానం: మాన్పించవద్దు. అయితే అదే తన ఉద్యోగమని అమ్మాయి అంటే ఆ మాటనూ ఒప్పుకోవద్దు. ఇష్టంతో ఉచితంగా చేసే సేవ వేరు, అదే రంగంలో నెలనెలా జీతం తీసుకుని చేసే పని వేరు. మొదటిదానికి మనసుంటే చాలు. రెండోదానికి చేతిలో ఒక విద్య ఉండాలి. మీ అమ్మాయికి మనసు ఉందని ఈ ఏడాది తేలిపోయింది కనుక, ఇక ఆలోచించవలసింది ఆ విద్య గురించే.

ముందుగా, ఆమె మాట్లాడుతున్న విషయాలు మీకు దూరపువి కావని చెప్పాలి. మీరు కాయలు యార్డుకు తోలినప్పుడు వ్యాపారి మచ్చు తీసి, ఒలిచి, పప్పు తూచి, నూటికి ఎంత దిగిందో చూసి ధర చెబుతాడు. మన కంటికి కనిపించేది ఆ తూకం వరకే. ఆ ధర వెనుక ఇండోనేషియా, మలేషియాల పామాయిల్ తోటలు కూడా ఉన్నాయి. 1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు తెరిచిన తర్వాత పరిస్థితి క్రమంగా మారి, నేడు దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తోంది. కేంద్రం 2024 సెప్టెంబరులో ముడి పామ్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై మూల కస్టమ్స్ సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచి, 2025 మే నెలాఖరున దాన్ని 10 శాతానికి తగ్గించింది. 2025-26కు వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలని ప్రకటించారు గానీ, సుంకం తగ్గితే నూనె చవకై పట్నాల్లో వంటింటికి ఊరట కలుగుతుంది, నూనెగింజలు పండించే మెట్ట రైతుకు మాత్రం బేరమాడే బలం తగ్గుతుంది. ఈ రెండింటినీ ఎలా సరిపుచ్చాలన్నది నిజంగానే కష్టమైన ప్రశ్న. దాన్ని ఇరవై ఏళ్ల పిల్ల పట్టించుకోవడాన్ని నేను కాలక్షేపమని అనలేను.

ఒప్పందాల సంగతీ అంతే. 1995లో అమల్లోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ వ్యవసాయ ఒప్పందం ప్రకారం మన వంటి వర్ధమాన దేశం ఒక పంటకు ఇచ్చే ధర మద్దతు ఆ పంట ఉత్పత్తి విలువలో 10 శాతం దాటకూడదు. ఆ లెక్క కట్టేదేమో 1986-88 నాటి ధరలతో! ప్రభుత్వాలు పేదలకు చౌకగా పంచడానికి ధాన్యం కొని నిల్వ చేసే విషయంలో 2013లో ఆ సంస్థ బాలి సమావేశం, ఆ పరిమితి దాటినా ఇతర దేశాలు ఫిర్యాదుకు దిగకుండా తాత్కాలిక రక్షణ ఇచ్చింది. శాశ్వత పరిష్కారాన్ని 2024 నాటి అబుదాబి సమావేశం కూడా తేల్చలేకపోయింది. 1993లో ఏర్పడిన లా వియా కంపెసినా అనే చిన్న రైతుల అంతర్జాతీయ వేదిక, ఏ పంట పండించాలో, ఏ తిండి తినాలో నిర్ణయించుకునే హక్కు ప్రజలదేనన్న వాదాన్ని 1996లో రోమ్ ఆహార సదస్సు వేళ ప్రపంచం ముందుంచింది. రైతుల హక్కులపై 2018లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఒక ప్రకటనను ఆమోదించడం వెనుక ఇటువంటి సంఘాల ఏళ్ల తరబడి కృషి ఉంది. ఆ కృషిలో ఎక్కువ భాగం జీతం లేని పనే.

ఇక బతుకుతెరువు. ఈ రంగంలో ఉపన్యసించేవారికి కొరత లేదు. ఆదాయ వ్యయాల పట్టీ చదవగలిగినవారికి ఉంది. మీ అమ్మాయి బీకాం చదవడం, ఆమెకు తట్టి ఉండకపోవచ్చు గానీ, ఆమెకున్న పెద్ద బలం. రైతులే సభ్యులుగా చేరి కలిసి కొని అమ్ముకునే రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పుట్టినంత వేగంగానే చతికిలపడటానికి నాకు కనిపించిన కారణాల్లో లెక్కలు సరిగా రాయకపోవడం ఒకటి. ఇటువంటి సంఘాలను దేశంలో పదివేలు పెట్టించడానికి 2020లో మొదలైన కేంద్ర పథకం కింద ఒక్కో సంఘానికి నిర్వహణ ఖర్చులకు మూడేళ్లలో 18 లక్షల రూపాయల వరకు ఇస్తారు, జీతాలు అందులోంచే వస్తాయి; ఆ తర్వాత సంఘం తన వ్యాపారంతోనే నిలబడాలి. కాబట్టి అటువంటి చోట చేరేటప్పుడు ఇది ఎన్నో ఏడాది, సరుకు ఎవరికి అమ్ముతున్నారు అని ఆమె తప్పక అడగాలి. 1990 నుంచి చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో పనిచేస్తున్న టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ చేయూతతో ఏర్పడిన ధరణి సహకార సంఘం, చిరుధాన్యాలనూ వేరుశనగనూ రైతుల దగ్గర కొని, శుద్ధి చేసి, తమ పేరుతోనే అమ్ముతోంది. న్యాయమైన ఆహార వ్యవస్థ అనే మాట రోజువారీ పనిగా మారితే ఎలా ఉంటుందో చూడాలంటే ఆమె ఢిల్లీ కంటే ముందు అక్కడికి వెళ్లడం మంచిది. ప్రకృతి వ్యవసాయాన్ని నడిపే రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ, ఆ సేద్యంపైనే పరిశోధన, శిక్షణ సాగించే పులివెందులలోని ఇండో-జర్మన్ అకాడమీ, హైదరాబాద్‌లోని సుస్థిర వ్యవసాయ కేంద్రం, మెట్ట సేద్యంపై పనిచేసే వాసన్ అనే సంస్థ వంటివి కూడా గమనించదగినవే. మొదటి జీతాలు బ్యాంకు ఆఫీసరు జీతంతో పోటీపడవు. ఈ మాట ఆమెకు ఇప్పుడే, మెత్తగా కాక సూటిగా చెప్పండి.

మీ కోరిక, ఆమె కోరిక కలిసే చోటు ఒకటుంది. జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు అయిన నాబార్డ్‌లో ఆఫీసరు ఉద్యోగాలకు పెట్టే గ్రేడ్-ఎ పరీక్ష. జనరల్ పోస్టులకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. మార్కులు 60 శాతం, ఎస్సీ, ఎస్టీ, వికలాంగ అభ్యర్థులకు 55 శాతం ఉండాలి. వయసు 21 నుంచి 30 ఏళ్ల మధ్య. ఆర్థిక-సామాజిక అంశాలు, వ్యవసాయం-గ్రామీణాభివృద్ధి అన్నవి అందులో ముఖ్యమైన పేపర్లు. పల్లెల్లో ఆమె మాట్లాడుతున్న విషయాలే పుస్తక రూపంలో అక్కడ ఎదురవుతాయి. పోటీ తీవ్రం, పోస్టులు తక్కువ కనుక దీనితోపాటు మీరు చెప్పిన బ్యాంకు పరీక్షలూ రాయవచ్చు, గణితం, ఇంగ్లిషు రెండింటికీ పనికొస్తాయి. (కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద నాబార్డ్ పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది, వాళ్ల బ్యాచులు నిండేది క్లర్కు పరీక్షలతో కదా.) పైచదువే కావాలంటే బెంగళూరు అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో డెవలప్‌మెంట్ ఎంఏ ఉంది, అక్కడ కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు సాయం చేస్తారు, ఇంటికి దగ్గరగా శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో గ్రామీణాభివృద్ధి చదవవచ్చు.

కొన్ని జాగ్రత్తలు. చందాలు వసూలు చేసే బాధ్యత రసీదు పుస్తకం లేకుండా నెత్తిన వేసుకోవద్దని చెప్పండి. రేపు ధర్నాలకు పోతే కేసు పడుతుందేమోనన్న భయం మీకుంటే, అది అర్థం చేసుకోదగినదే. కేసు ఉన్నంత మాత్రాన ప్రభుత్వోద్యోగం పోదు గానీ, ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే ధ్రువీకరణ పత్రంలో దాన్ని దాచిపెడితే పోవచ్చు. సమాచారం దాచడం గురించి సుప్రీంకోర్టు 2016లో వివరంగా మార్గదర్శకాలు ఇచ్చింది. నాబార్డ్ వంటి చోట చేరాక ఉద్యోగ నియమావళి వర్తిస్తుంది, ధర్నాల్లో, ప్రదర్శనల్లో పాల్గొనడం కుదరదు. ఆ బిగువు తనకు సరిపడుతుందో లేదో ఆమె ముందే తేల్చుకోవాలి. విదేశీ నిధుల మీదే నడిచే సంస్థలో ఉద్యోగం వస్తే, విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఆ నిధుల్లో పరిపాలన ఖర్చులకు వాడదగినది 20 శాతమేనని గుర్తుంచుకుని, తన జీతం ఏ పద్దులో నుంచి వస్తుందో కనుక్కోవాలి.

ఢిల్లీ శిబిరం తేదీలు సెమిస్టరు పరీక్షలకు తగలకపోతే పంపండి. ఎవరు నిర్వహిస్తున్నారు, ఆడపిల్లలకు బస ఎక్కడ, రైలు టిక్కెట్టు ఖర్చు ఎవరిది అన్న మూడు విషయాలు మీరే ఫోనులో నిర్వాహకులతో మాట్లాడండి. వచ్చాక, ఈ ఏడాదిలో తాను తిరిగిన పల్లెలు, రైతులు చెప్పిన ధరలు, వ్యాపారులు వాటిలో పెట్టిన కోతల వివరాలు తేదీలతో సహా ఒక నోటుపుస్తకంలో ఎక్కించమనండి. ఏ సంస్థ ఇంటర్వ్యూలోనైనా సర్టిఫికెట్ల తర్వాత అడిగేది అదే.