తుని దాటాక ఫోను చెయ్యి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అమ్మడూ, నువ్వు లారీలో విజయవాడ నుంచి కలకత్తా దాకా వెళ్తావనీ, డ్రైవర్ల జీవితం మీద నవల రాస్తావనీ నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పి ఏడ్చింది. తనను ఓదార్చాను గానీ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. సగం భయం, సగం గర్వం. మన ఇంట్లో నా తర్వాత కలం పట్టింది నువ్వే.

తెలిసిన యజమాని బండిలోనే వెళ్లు. బండి నంబరు మీ అమ్మకు పంపు. దుప్పటి మరిచిపోకు. ఇద్దరు డ్రైవర్లు లేని బండి ఎక్కనే ఎక్కకు. తెల్లవారుజామున రెండు నుంచి నాలుగు దాకా బండి ఆపించి తీరాలి. ఆ వేళ ఎంత చేయి తిరిగినవాడికైనా కళ్లు తెరిచి ఉండగానే నిద్ర ముంచుకొస్తుంది. లారీ ఆఫీసులో ఇరవై రెండేళ్లు గుమాస్తాగా చేశాను. పొద్దున్నే వచ్చిన చెడ్డ కబుర్లన్నీ దాదాపు ఆ రెండు గంటలవే.

ఇక నవల. నీ కథానాయకుడు పెళ్లాన్నీ అప్పుల్నీ ఊళ్లో వదిలేసి, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేకుండా రోడ్డు మీద తిరుగుతాడట. అలాంటివాణ్ని రాయవద్దనను. రాస్తుంటే ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు. నేనూ రాశాను.

1996లో. ఆటోనగర్‌లో లోడు కోసం కాచుకున్న ఒక డ్రైవరు, ఎవరితోనో అన్నట్టుగా నాతో అన్నాడు. తుని దాటాక రాత్రి సైకిలు మీద వెళ్తున్న మనిషికి బండి తగిలిందట, ఆపలేదట. చేతిలో టీ చల్లారిపోయి మీగడ కట్టింది. తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఎప్పుడు, ఏ ఊరి దగ్గర అని నేను అడగలేదు. ఆ రాత్రే కథ రాసేశాను. బండి ముందు తలుపులమ్మ తల్లి పేరు, వాన, డ్రైవరు ఒంటరితనం. ‘ఎర్ర దీపాలు మలుపులో కరిగిపోయాయి’ అని ముగించాను. వారపత్రికలో పడింది. మీ అమ్మ వీధంతా చూపించింది.

నెల తిరక్కుండా పత్రిక వాళ్లు ఒక ఇన్‌లాండు ఉత్తరం పంపారు. తుని దగ్గరి పల్లె నుంచి ఒకావిడ, బడిపిల్ల చేత రాయించినట్టుంది. “అయ్యా, దీపాలు కరిగిపోయాయని రాశారు. పడిపోయిన మనిషి ఆ తర్వాత ఎంతసేపు బతికాడో రాయలేదేమి? మా ఆయన తెల్లవారి పాలవాడు చూసేదాకా ఉన్నాడు. మీ కథలో సైకిలు మనిషికి పేరు కూడా లేదు.” బండి నంబరు తెలియదు కాబట్టి ఎవరి మీదా కేసు నిలవలేదు. గుర్తు తెలియని వాహనం గుద్ది మనిషి పోతే అప్పట్లో చట్టం ఇచ్చేది 25,000 రూపాయలు. 2022లో గానీ అది 2 లక్షలు కాలేదు. ఆ 25,000 కోసమే ఆమె ఆఫీసుల చుట్టూ తిరుగుతోందట.

ఆ డ్రైవరు చెప్పిన రాత్రీ, ఆమె చెప్పిన రాత్రీ ఒకటేనా? వేబిల్లుల కట్టలు నా బీరువాలోనే ఉన్నాయి. తీసి చూస్తే బండి నంబరు దొరికేదేమో. తియ్యలేదు. నా ఉద్యోగం, ఆ డ్రైవరు ముగ్గురు పిల్లలు, ఇలా ఎన్నో చెప్పుకున్నాను. ఆమెకు జవాబూ రాయలేదు.

అందుకని చెబుతున్నాను తల్లీ. నీ కథలో డ్రైవరు ఆపకుండా వెళ్లిపోతే, నువ్వు ఆ బండితో పోకు. దిగిపో. పడిపోయినవాడి పక్కన కూర్చో. తెల్లవారేదాకా రాయి.

డ్రైవరుకూ అన్యాయం చెయ్యకు. గాయపడ్డవాణ్ని ఆసుపత్రికి చేర్చాలని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను చెబుతుంది, జనం ఆగ్రహం వల్ల వీలుకాకపోతే తప్ప అని కూడా అందులోనే ఉంది. కొడతారన్న భయం అంత నిజమైనది. రోజుకు 8 గంటల పని అని 1961 నుంచీ చట్టం ఉంది. అయినా “రేపు పొద్దుటికి సరుకు దిగాలి” అని డ్రైవర్లను తరిమినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ మాట అన్న గుమాస్తాను కూడా నీ నవలలో పెట్టు. ఊళ్లో వదిలేసిన ఆ పెళ్లాన్నీ మరిచిపోకు. ఆ రోజుల్లో ఎయిడ్స్ డ్రైవర్లతో పాటు ఇంటికొచ్చి, హైవే మొహం చూడని ఇల్లాళ్లకు అంటుకుంది. నేను ఆ స్త్రీల గురించి ఒక్క వాక్యం రాయలేదు.

ఆ ఉత్తరం నకలు ఇందులో పెడుతున్నాను. అసలు నా దగ్గరే ఉంది, మడతల దగ్గర చిరిగిపోతోంది. అన్నవరంలో ప్రసాదం కొనుక్కో, నీకు ఇష్టం కదా. తుని దాటాక బండి ఆపించి నాకు ఫోను చెయ్యి. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

మీ మామయ్య