పురాణమంటే కట్టుకథేనా?

ప్రశ్న: శ్రీకూర్మంలో తాబేలు రూపంలోని స్వామిని చూసివచ్చిన మా మనవరాలు, పురాణమంటే కట్టుకథేనా అని అడిగింది. ఏ పుస్తకం కొనివ్వమంటారు?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: అమ్మా, పురాణమంటే పాతది అని అర్థం. అమరకోశమనే పాత సంస్కృత నిఘంటువు దానిని ‘పంచలక్షణం’ అంది. అంటే సృష్టి, ప్రళయం తరువాతి పునఃసృష్టి, దేవతల, ఋషుల వంశాలు, మన్వంతరాలు (ఒక్కొక్క మనువు ఏలే కాలాలు), రాజవంశాల చరితలు అనే ఐదూ అందులో ఉండాలి. అటువంటి మహాపురాణాలు 18. కాబట్టి నిజమా, అబద్ధమా అనే ఒక్క తూకం దానికి చాలదు (పిల్లలు ముందు అడిగేది అదే అనుకోండి).

పద్దెనిమిదీ కొనకండి. పోతన భాగవతం అష్టమ స్కంధం, ప్రతి పద్యానికీ తాత్పర్యం ఉన్న ప్రతి, చాలు. కవ్వంగా వేసిన మందరపర్వతం పాలకడలిలో మునిగిపోతుంటే కూర్మం వీపు ఒగ్గే ఘట్టం అందులోనే ఉంది. కొనేముందు శ్రీకాకుళంలోని జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఒకసారి తిరగేయించండి. అక్షరం పెద్దదిగా ఉన్నదే తీసుకోండి.