పాత స్పోర్ట్స్ కారుకు సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) బిగించేటప్పుడు కిట్‌తో వచ్చిన పుస్తకాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించాలా?

పాటించాలండీ. ముఖ్యంగా "ఇది నాకు తెలిసిందేలే" అనిపించి పేజీ తిప్పేయబోయే చోట. ఇంజిన్ బాగానే ఉంది, చేతిపని వచ్చు, బోల్టులు బిగించడమే కదా అని రాశారు. నేనూ అచ్చం అలాగే అనుకుని దిగాను.

నాది 1990 మాజ్దా మియాటా, 1.6 లీటర్ల ఇంజిన్, కంప్రెషన్ రేషియో (సిలిండర్‌లో మిశ్రమం ఎన్ని రెట్లు నొక్కుకుంటుందో చెప్పే అంకె) 9.4. పుస్తకంలో మొదటి రెండు పనులు సూపర్‌చార్జర్‌ను ముట్టుకోకముందే చేయాల్సినవి: నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలవడం, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ ఏ క్షణంలో పడాలన్నది) చూసి వాళ్లు చెప్పిన అంకెకు పెట్టడం. కంప్రెషన్ కొలిచాను, నాలుగూ దగ్గరదగ్గరగా వచ్చాయి. టైమింగ్ వదిలేశాను, ఎందుకంటే అది రెండేళ్ల కిందట నేనే సెట్ చేశానని గుర్తుంది, కానీ ఎంతకు చేశానో మాత్రం గుర్తు లేదు! కంపెనీ పెట్టిన 10 డిగ్రీల నుంచి 14కు జరిపితే, అంటే స్పార్క్ కాస్త ముందుగా పడేలా చేస్తే, ఆ కారు కాస్త చురుగ్గా కదులుతుంది, మియాటా ఉన్నవాళ్లు చాలామంది చేసే పనే, మంచి ఆక్టేన్ పెట్రోలు పోస్తే మామూలుగా ఇబ్బందీ ఉండదు.

బిగింపు రెండు ఆదివారాల్లో అయిపోయింది, నిజానికి అదే సులువైన భాగం. మొదటిసారి బయటికి తీసి, మూడో గేరులో ఎత్తు ఎక్కుతూ గట్టిగా తొక్కితే డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు. సూపర్‌చార్జర్ కూత వినిపిస్తున్న సంబరంలో దాన్ని పట్టించుకోలేదు. మర్నాడు అనుమానం వచ్చి స్పార్క్ ప్లగ్గులు విప్పాను. తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలు, వాటి మధ్య రెండు మూడు మెరిసే నలుసులు. అది పిస్టన్ తాలూకు అల్యూమినియం అండీ. గుండె జారిపోయింది.

లెక్క చూస్తే ఇందులో వింతేమీ లేదు. బయటి గాలి ఒత్తిడి 14.7 పీఎస్ఐ, దాని మీద 6 పీఎస్ఐ బూస్ట్ (సూపర్‌చార్జర్ చేర్చే అదనపు ఒత్తిడి) కలిపితే లోపలికి దూరేది దాదాపు 40 శాతం ఎక్కువ ఒత్తిడితో, పైగా వేడెక్కిన గాలి. అలాంటప్పుడు స్పార్క్ కాస్త ఆలస్యంగా పడాలి, నేనేమో రెండేళ్ల కిందటే ముందుకు జరిపి కూర్చున్నాను. పాత ఇంజిన్ కదా, పిస్టన్ల మీద పేరుకున్న మసి కూడా నాకింగ్‌ను (ఆ గులకరాళ్ల చప్పుడు తెచ్చే, అదుపు తప్పిన మంటను) ఎగదోస్తుంది.

టైమింగ్ సరిచేసేటప్పుడు ఇంకో తప్పు చేయబోయి ఆగాను. ఈ కారులో బానెట్ కింద ఉన్న డయాగ్నోసిస్ పెట్టెలో టెన్, గ్రౌండ్ అనే రెండు టెర్మినళ్లను వైరుతో కలిపాకే టైమింగ్ లైటు (స్పార్క్ పడే క్షణాన్ని చూపే లైటు) పట్టాలి. కలపకపోతే కంప్యూటర్ తనంతట తానే టైమింగ్‌ను జరుపుతూ ఉంటుంది, మీకు కనపడే అంకెకు అర్థమే ఉండదు. పుస్తకంలో ఇది ఒక్క లైను, అంతే. తర్వాత కంప్రెషన్ మళ్లీ కొలిస్తే పాత అంకెలే వచ్చాయి. అదృష్టం, ఇంకేం లేదు.

ప్లగ్గుల గ్యాప్ కూడా చెప్పినట్టే తగ్గించండి. నేను 1.1 మిల్లీమీటర్ల నుంచి 0.8కి తెచ్చాను, లేకపోతే బూస్ట్‌లో స్పార్క్ ఆరిపోయి ఇంజిన్ తడబడుతుంది. కోల్డ్ ప్లగ్గు (వేడిని త్వరగా వదిలేది) వేయమంటే ఎన్‌జీకే బ్రాండులో అంకె పెద్దదయ్యేకొద్దీ చల్లటిదని గుర్తుపెట్టుకోండి, కొన్ని బ్రాండ్లలో ఇది తిరగబడుతుంది.

పుస్తకం మీద నాకున్న ఫిర్యాదు ఒకటే: అది మీ రబ్బరు గొట్టాలన్నీ కొత్తవే అనుకుని రాసింది. ముప్పై ఏళ్ల గొట్టం వాక్యూమ్‌కు తట్టుకుంటుందేమో గానీ బూస్ట్ తగలగానే ఊడుతుంది లేదా చీలుతుంది, అందుకని చెప్పకపోయినా అన్నీ మార్చేయండి. పీసీవీ వాల్వు (క్రాంక్‌కేసు, అంటే ఇంజిన్ అడుగుభాగంలోని ఆవిరిని ఇంజిన్‌లోకి పంపే కవాటం) కూడా, అది సరిగ్గా మూసుకోకపోతే బూస్ట్ నేరుగా క్రాంక్‌కేసులోకి పోయి ఆయిల్ సీళ్ల మీద పడుతుంది. వైడ్‌బ్యాండ్ మీటరు (గాలి, పెట్రోలు పాళ్లను కచ్చితంగా చూపేది) లేకుండా మాత్రం గట్టిగా తొక్కొద్దు, కారుతో వచ్చిన ఆక్సిజన్ సెన్సర్ పెట్రోలు ఎంత తక్కువ పడుతోందో సరిగ్గా చెప్పలేదు.

మీ మెకానిక్ ఒక మాట, పుస్తకం ఒక మాట చెబితే కిట్ తయారు చేసినవాళ్లనే అడగండి. అన్నట్టు మీ కారు ఏ సంవత్సరం మోడలో రాయలేదు. మియాటానే తీసుకుంటే 1994లో 1.8 ఇంజిన్ వచ్చింది, 1.6 పుస్తకంలోని అంకెలు దానికి పనికిరావు. కాబట్టి ముందు మీ పుస్తకం అట్ట మీద ఏ ఇంజిన్ అని ఉందో చూసి ఇక్కడ రాయండి.