దిర్హం రేటు కోసం ఆగితే వడ్డీ ఆగుతుందా?

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె. మా ఆయన 2021 మార్చిలో దుబాయి వెళ్లారు. షట్టరింగ్ పని. కాంట్రాక్టులో బేసిక్ 750 దిర్హాములు, ఓవర్‌టైంతో 1,400 దాకా వస్తాయి. నెలకు 1,000 పంపుతారు. ఏజెంటుకు కట్టింది, ఆడబిడ్డ పెళ్లికి తెచ్చింది కలిపి 2 లక్షల అప్పుంది, నూటికి 2 రూపాయల వడ్డీ. ఇప్పుడు దిర్హానికి 24 రూపాయలు వస్తున్నాయి. రూపాయి ఇంకా పడుతుందనీ, మూడు నెలలు పంపకుండా ఆగమనీ ఆయన రూమ్‌లో వాళ్లు చెబుతున్నారట. ఇక్కడేమో ఒక వెంచర్ వాళ్లు నెలకు 5,000 కడితే ప్లాటు అంటున్నారు. ఏం చేయమంటారు? ఇల్లు నెలకు 15,000తో గడుస్తుంది. నా దగ్గర నాలుగు తులాల బంగారం ఉంది.

జవాబు: అమ్మా, ఆగొద్దనండి. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

ఈ నెల 1,000 దిర్హాములు పంపితే 24,000. ఆ డబ్బు మూడు నెలలు అక్కడే ఉంటే, దాంతో తీరాల్సిన అప్పు మీద ఇక్కడ నెలకు 480 చొప్పున 1,440 రూపాయల వడ్డీ పడుతుంది. అది పూడాలంటే దిర్హం మూడు నెలల్లో 25 రూపాయల 44 పైసలకు చేరాలి. దిర్హం డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంటుంది. అంటే డాలరు మీద రూపాయి మూడు నెలల్లో 5 రూపాయలకు పైగా పడాలి. పడదని నేను చెప్పను. కానీ రూమ్‌లో వాళ్ల అంచనా తప్పితే ఆ వడ్డీ కట్టేది మీరే.

పెరిగింది మీ ఆయన జీతం కాదు. ఆయన వెళ్లినప్పుడు 1,000 దిర్హాములకు 20,000 వచ్చేవి, ఇప్పుడు 24,000. దిర్హాముల్లో చూస్తే ఆయన కూలి అక్కడే ఉంది. ఆ 750 బేసిక్ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడండి. 2020 సెప్టెంబరులో కేంద్ర విదేశాంగ శాఖ గల్ఫ్‌కు వెళ్లే మనవాళ్లకు తాను సిఫార్సు చేసే కనీస వేతనాలను తగ్గించింది. యూఏఈకి 200 డాలర్లు, అంటే దాదాపు 735 దిర్హాములు. కూలి రేటు ఎక్కువుంటే కంపెనీలు పక్క దేశాల వాళ్లను తీసుకుంటాయి, కరోనాలో మనవాళ్ల పని పోతుంది అన్నది సర్కారు వాదన. కార్మికుల తరఫున తెలంగాణ హైకోర్టులో కేసు పడింది. 2021 జూలైలో పాత వేతనాలు మళ్లీ వచ్చాయి. మీ ఆయన సరిగ్గా ఆ మధ్యలో వెళ్లారు. పని కాపాడటానికి కూలి తగ్గించాలన్న వాదన నాకు మింగుడుపడదు. తగ్గిన కూలి కాంట్రాక్టులో రాసేశాక, సర్కారు మనసు మార్చుకున్నా ఆ కాగితం మారదు.

ఆ బేసిక్ చివర్లోనూ దెబ్బ కొడుతుంది. అక్కడ సర్వీసు డబ్బు, అదే గ్రాట్యుటీ, బేసిక్ మీదే కడతారు. ఓవర్‌టైం లెక్కలోకి రాదు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్. ఐదేళ్లకు 2,625 దిర్హాములు, నేటి రేటుకు 63,000 రూపాయలు. అంతకు మించి ఆశ పెట్టుకోకండి. కాంట్రాక్టు రెన్యువల్ అప్పుడు ఆయన అడగాల్సింది బేసిక్ పెంచమని. ఓవర్‌టైం గంటలు ఎన్ని పెరిగినా ఇందులో పైసా కలవదు.

ఇక రూపాయి పడితే గల్ఫ్ ఇళ్లకు పండగే అని రాసేవాళ్లు మన కిరాణా చీటీ చూడరు. దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా, వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది. అదనంగా వచ్చిన 4,000లో కొంత ఆ దారినే పోతుంది. గల్ఫ్‌లో ఎవరూ లేని మీ పక్కింటి కూలీ ఆ నూనెను అదే ధరకు కొంటుంది, ఆమెకు ఆ 4,000 కూడా రాదు.

ఇప్పుడు అప్పు సంగతి. నెలకు 24,000లో ఇంటికి 15,000 పోతే 9,000 మిగులుతాయి. 2 రూపాయల వడ్డీ మీద నెలనెలా 9,000 కడితే 30 నెలల్లో తీరుతుంది. అదే బంగారం బ్యాంకులో పెట్టి (ఫైనాన్స్ కంపెనీలో కాదు) ఆ 2 లక్షలు ఒక్కసారే తీర్చేస్తే, వడ్డీ రూపాయి అనుకున్నా మొదటి నెల నుంచే వడ్డీ 4,000 కాస్తా 2,000 అవుతుంది. 26 నెలలకు బంగారం చేతికొస్తుంది. కాకపోతే కిస్తీ తప్పితే వేలం నోటీసు వస్తుంది. ఆయన పని మీద నమ్మకం లేకపోతే రెండు తులాలే పెట్టండి. మహిళా సంఘంలో ఉంటే బ్యాంకు లింకేజీ అప్పు ఎంత వస్తే అంత తీసుకుని దీనికే కట్టండి, దాని వడ్డీ ఇంకా తక్కువ.

అప్పు ఇచ్చినాయన దగ్గర నోటు ఉంటుంది కదా. ఎంత కట్టినా నోటు వెనక చెల్లు రాయించుకోండి. మూడేళ్లు నిండే ముందు కొత్త నోటు రాయమంటారు, అప్పుడు పేరుకున్న వడ్డీని అసల్లో కలిపేస్తారు. ఇది మీకు ఇప్పటికే ఒకసారి జరిగి ఉండొచ్చు, పాత నోటు అడిగి చూడండి. మొత్తం తీరిన రోజు నోటు చేతిలోకి తీసుకోకుండా ఇంటికి రావద్దు.

ప్లాటు? వద్దు. నూటికి 2 రూపాయలంటే మీ అప్పు మీద ఏడాదికి 24 శాతం వడ్డీ. ఆ వడ్డీని మించి పెరిగే ప్లాటు కిస్తీల మీద అమ్మకానికి రాదు. అప్పు తీరాక డీటీసీపీ (లేఅవుట్లకు అనుమతి ఇచ్చే సర్కారు శాఖ) అనుమతి, లింకు పత్రాలు (పాత యజమానుల దస్తావేజులు) చూసుకుని అప్పుడు మాట్లాడుకుందాం.

చివరిగా ఒక చిన్న ఖర్చు. ఆయన పాస్‌పోర్టు ఈసీఆర్ (పనికి వెళ్లే ముందు సర్కారు అనుమతి కావాల్సిన రకం) అయితే వెళ్లేటప్పుడు ప్రవాసీ భారతీయ బీమా చేయించే ఉంటారు. 10 లక్షల ప్రమాద బీమా, రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. 2021లో తీసుకున్నది ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసి కాపీ మీకు వాట్సాప్‌లో పంపమనండి. పని పోతే ఆదుకునే అక్కడి ఉద్యోగ బీమా, నెలకు 5 దిర్హాములది, కడుతున్నారో లేదో కూడా ఈ వారమే అడగండి.