ఎవరి ‘ఎస్’, ఎంతవరకు ‘అండ్’: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి బుజ్జికి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఎస్ఓపీ (యూనివర్సిటీ అడ్మిషన్ కోసం నీ గురించి, నీ లక్ష్యం గురించి ఇంగ్లిష్‌లో రాసే వ్యాసం) నిదానంగా చదివాను. విషయం బాగుంది. మీ నాన్న కిరాణా కొట్టులో లెక్కలు రాస్తూ నీకు డేటా మీద ఇష్టం కలగడం నిజంగా జరిగింది కాబట్టి, చదువుతుంటే ఆ నిజం తెలుస్తోంది. దయచేసి దాన్ని ఏ సాఫ్ట్‌వేర్‌కీ ఇచ్చి నున్నగా చేయించకు. నువ్వే దిద్దుకో. దిద్దాల్సినవి రెండే రకాలు: ఫలానా వాళ్లది అని చెప్పిన చోట్లు, “అండ్”తో క్రియల్ని కలిపిన చోట్లు. హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పినన్నాళ్లూ మన పిల్లలు ఇక్కడే తడబడటం చూశాను. తెలివి లేక కాదు. ఈ రెండు పనులనీ తెలుగు వేరే పద్ధతిలో చేస్తుంది, ఆ పద్ధతి మనకి మాటలు వచ్చినప్పటి నుంచి అలవాటైపోయింది.

తెలుగులో “నాన్న కొట్టు” అంటే చాలు. రెండు మాటలు పక్కపక్కన పెడితే సంబంధం తెలిసిపోతుంది. ఇల్లు “ఇంటి” అయినట్టు, ఊరు “ఊరి” అయినట్టు కొన్నిటికి రూపం మారుతుంది, అంతే. అందుకే “మై ఫాదర్ షాప్” అని రాసినప్పుడు నీ చెవికి ఏ లోటూ తెలియలేదు. ఇంగ్లిష్‌కి అది చాలదు, “మై ఫాదర్’స్ షాప్” అనాలి. అయితే మాటల వరస మాత్రం అచ్చంగా మనదే. “నాన్న స్నేహితుడి కొట్టు” అన్నట్టే “మై ఫాదర్’స్ ఫ్రెండ్’స్ షాప్”. “ఆఫ్” వాడినప్పుడే వరస తిరగబడుతుంది. మనుషులకి, ఊళ్లకి, కాలానికి అపోస్ట్రఫీ, అంటే ఎస్ పక్కన పైన పెట్టే కామా లాంటి గుర్తు, బాగా నప్పుతుంది: “టుడే’స్ పేపర్” లాగా. ప్రాణం లేని వస్తువులకి చాలాసార్లు “ఆఫ్” బాగుంటుంది: “ది ఎండ్ ఆఫ్ ది రోడ్”.

అపోస్ట్రఫీ ఎస్‌కి ముందా, తరవాతా అన్నది చెవితో తేలదు, రెండిట్లోనూ పలకడం ఒకటే. నేను క్లాసులో చెప్పిన పద్ధతే నీకూ చెబుతున్నాను. కొట్టు సంగతి, సరుకు సంగతి పక్కన పెట్టి, ముందు ఎవరిదో ఆ మాట ఒక్కటే పూర్తిగా రాయి. ఒక్క కస్టమరే అయితే “కస్టమర్” అని రాసి అపోస్ట్రఫీ, దాని తరవాత ఎస్ పెట్టు. చాలామంది అయితే “కస్టమర్స్” అని రాసేసరికే ఎస్ వచ్చేసింది, చివర అపోస్ట్రఫీ ఒక్కటి చాలు. “చిల్డ్రన్”, “విమెన్” బహువచనాలే అయినా వాటి చివర ఎస్ లేదు కదా, కాబట్టి అపోస్ట్రఫీ పెట్టి ఎస్ చేర్చాలి. ఈ గుర్తు 16వ శతాబ్దంలో, అక్షరం ఎగిరిపోయిన చోటు చూపించడానికి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. 18వ శతాబ్దంలో కూడా బహువచనం దగ్గర దాన్ని ఎక్కడ పెట్టాలో ఇంగ్లిష్ వాళ్లలో వాళ్లకే ఒక మాట లేదు. కాబట్టి నీకు కొంత టైమ్ పట్టినా టెన్షన్ పడకు.

“ఇట్స్” దగ్గర మాత్రం జాగ్రత్త. “దాని” అనే అర్థంలో అపోస్ట్రఫీ ఉండదు. ఉంటే అది “ఇట్ ఈజ్” అనో “ఇట్ హ్యాజ్” అనో అవుతుంది. “హర్స్”, “అవర్స్”, “యువర్స్” వేటికీ అపోస్ట్రఫీ లేదు.

ఇక నీకు ఎవరూ చెప్పి ఉండని సంగతి. ఈ అపోస్ట్రఫీ ఎస్ ఒక మాటకే కాదు, అవసరమైతే మాటల గుంపు మొత్తానికి అతుక్కుంటుంది. అది ఎంతవరకు పాకుతోందో చూసుకోవడమే అసలు పని. అమ్మానాన్నలిద్దరికీ కలిపి ఒకటే ఇల్లు కాబట్టి “మై మదర్ అండ్ ఫాదర్’స్ హౌస్”, చివర ఒక్కసారి చాలు. వాళ్ల చదువులు ఎవరివి వాళ్లవి. నువ్వేమో అక్కడ కూడా చివర ఒక్కసారే పెట్టావు. “మై మదర్’స్ అండ్ మై ఫాదర్’స్ ఎడ్యుకేషన్” అని విడివిడిగా పెట్టు. నీదీ చెల్లిదీ అయిన గది గురించి రాసినచోట ఎస్‌తో కుస్తీ పట్టకు, “ది రూమ్ ఐ షేర్ విత్ మై సిస్టర్” అని వాక్యమే మార్చేసెయ్.

“అండ్” దగ్గర కూడా ఇదే ప్రశ్న: ఏది ఎంతవరకు పాకుతోంది? నీ వాక్యం చూడు: “ఐ కంప్లీటెడ్ మై డిగ్రీ అండ్ జాయిన్ ఎ కంపెనీ”. ఇది ఎలా పుట్టిందో నాకు తెలుసు. “డిగ్రీ పూర్తి చేసి కంపెనీలో చేరాను” అని మనసులో అనుకున్నావు. మన వాక్యంలో సమాపక క్రియ, అంటే వాక్యాన్ని ముగించే క్రియ, ఒక్కటే, ఎవరు, ఎప్పుడు అనే బరువంతా దానిదే. “లేచి, టిఫిన్ తిని, బస్సెక్కి ఆఫీసుకు వెళ్లాను” అంటే మొదటి మూడిటికీ కాలమే లేదు. క్రియలన్నిటికీ కాలం ఉండక్కర్లేదన్న ఈ అలవాటుతో ఇంగ్లిష్ రాస్తే, ఒక క్రియకి కాలం పెట్టి రెండోదాన్ని ఊరికే వదిలేస్తాం. ఇంగ్లిష్‌లో “అండ్”కి అటూ ఇటూ ఉన్న క్రియలు ఒకే కాడికి కట్టిన ఎడ్లు, ఎత్తు సమానంగా ఉండాలి. “కంప్లీటెడ్” అంటే “జాయిన్డ్” కూడా అనాల్సిందే. కర్తని ఒక్కో క్రియకీ విడిగా తగిలించి చదువు: “ఐ కంప్లీటెడ్”, “ఐ జాయిన్”. తప్పు వెంటనే బయటపడుతుంది.

సహాయక క్రియ ఉంటే అది కూడా పాకుతుంది. “ఐ విల్ కమ్ బ్యాక్ అండ్ స్టార్ట్” అన్నప్పుడు “విల్” రెండిటిదీ. “ఐ హ్యావ్ కలెక్టెడ్ ది డేటా అండ్ రోట్ ఎ రిపోర్ట్” అని రాశావు. “హ్యావ్” రెండో క్రియ వరకు వెళ్తోంది కాబట్టి అక్కడ “రిటెన్” ఉండాలి. వ్యతిరేకార్థంలో ఇంకా జాగ్రత్తగా ఉండు. నాన్న కొట్టు మూయలేదు, అప్పూ చేయలేదు అని రెండిటినీ కాదనాలంటే “డిడ్ నాట్ క్లోజ్ ది షాప్ ఆర్ బారో మనీ” అని “ఆర్” పెట్టాలి. “అండ్” పెడితే ఆ రెండు పనులూ కలిసి జరగలేదనే అర్థం కూడా వస్తుంది, చదివేవాళ్లకి సందేహం మిగులుతుంది.

అన్నిటికన్నా నన్ను ఆపిన వాక్యం “కోవిడ్ కేమ్ అండ్ లాస్ట్ అవర్ సేల్స్”. తెలుగులో “కోవిడ్ వచ్చి అమ్మకాలు పోయాయి” అనొచ్చు. “వర్షం వచ్చి పంట పాడైంది” అన్నట్టే, కారణం చెప్పేటప్పుడు కర్తలు వేరైనా మనకి చెల్లుతుంది. ఇంగ్లిష్‌లో “అండ్” తరవాత కర్త లేకపోతే పాత కర్తే అక్కడికీ వస్తుంది. అంటే అమ్మకాలు పోగొట్టుకున్నది కోవిడే అయిపోయింది! “కోవిడ్ కేమ్, అండ్ అవర్ సేల్స్ ఫెల్” అని కొత్త కర్తని పెట్టు. కొత్త కర్త వచ్చింది కాబట్టి “అండ్”కి ముందు కామా పెట్టు. కర్త ఒకరే అయితే మామూలుగా కామా అక్కర్లేదు.

ఈ రెండూ కలిసే చోటు ఒకటుంది. “మై ఫాదర్’స్ షాప్ ఓపెన్స్ ఎట్ సిక్స్ అండ్ క్లోజెస్ ఎట్ టెన్” అన్నప్పుడు తెరుచుకునేదీ మూసుకునేదీ కొట్టు. అది ఒకటే కాబట్టి రెండు క్రియలకీ ఎస్ వచ్చింది. “మై ఫాదర్’స్ కస్టమర్స్ కమ్ అండ్ పే” అన్నప్పుడు వచ్చేది కస్టమర్లు. నాన్న ఒక్కడే కదా అని “కమ్స్” అనకూడదు. క్రియ రూపాన్ని తేల్చేది ఎవరిది అన్న మాట కాదు, ఏది అన్న మాట. అపోస్ట్రఫీ ఎస్, బహువచనపు ఎస్, క్రియకి వచ్చే ఎస్, ఈ మూడూ ఒకే వాక్యంలో ఎదురైతే ఒక్కోదాన్నీ పెన్నుతో చుట్టి, అది ఏ పని చేస్తోందో పైన రాసుకో.

చివరిగా మీ నాన్న పేరు. శ్రీనివాస్ చివర ఎస్ ఉంది కాబట్టి అపోస్ట్రఫీ తరవాత ఇంకో ఎస్ పెట్టేవాళ్లూ ఉన్నారు, అపోస్ట్రఫీతో ఆపేసేవాళ్లూ ఉన్నారు. రెండూ వాడుకలో ఉన్నవే. నేనైతే ఎస్ పెడతాను, ఎందుకంటే పలికేటప్పుడు అది వినిపిస్తుంది. నువ్వు ఏది పెట్టినా మొదటి పేజీలో ఒకలాగా, రెండో పేజీలో ఒకలాగా మాత్రం రాయకు.

మీ అత్తయ్య